ఫారంలో లేని పరామర్శ

సుధారాణి సంచిలో ఉన్న ఫారానికి పన్నెండు పేజీలు, డెబ్బై నాలుగు ప్రశ్నలు. ఏసీ గదిలో పడుకున్నారా, లాడ్జిలో దిగారా, ఈత కొలనులో మునిగారా, ఫౌంటెన్ పక్కన నిలబడ్డారా. పెనుకొండ చుట్టుపక్కల మనుషులను ఈ మాటలు అడగడం ఎంత నామోషీగా ఉంటుందో ఆ ఫారం తయారుచేసిన మహానుభావులకు తెలియదు. ఎర్రమంచి రంగప్ప అయితే మంచంలో ఒరిగి కూర్చుని దగ్గు మధ్యలోనే నవ్వాడు.

"ఫౌంటెనా? తాగేకే నీళ్లు లేవు, ఎగజిమ్మేకి యాడుండాయమ్మా!"

నవ్వినా ఏడ్చినా 'లేదు' దగ్గర టిక్కు పెట్టాలి. పెట్టింది.

ఆమె జబ్బుల నిఘా విభాగంలో హెల్త్ సూపర్‌వైజరు. పెనుకొండలో ఒక గది, ఒక బల్ల, తిరగడానికి నాలుగు రోజులకొకసారి దొరికే జీపు. హిందూపురం నుంచి ధర్మవరం దాకా ఎవరికి ఏ జ్వరమొచ్చినా, ఎందుకొచ్చిందో కనిపెట్టి పైకి రాసి పంపడం ఆమె పని. ఇరవై ఎనిమిదేళ్లుగా కాలికి బలపం కట్టుకుని తిరిగింది. ఇప్పుడు ఆ కాళ్లకే మోకాళ్ల నొప్పులు.

ఈసారి వచ్చింది వింత జబ్బు. నెల రోజుల్లో ముగ్గురికి నిమ్ము చేసింది. ఎర్రమంచిలో రైతు రంగప్ప, హిందూపురంలో టైర్ల పంక్చరు అంగడి నజీర్, ధర్మవరంలో పట్టు చుట్టే అంకమ్మ. ఈ దిక్కు ఆస్పత్రుల్లో తగ్గక బెంగుళూరు పోతే, అక్కడ మూత్రం పరీక్ష చేసి లెజియోనెల్లా అని తేల్చారు. పేరు నోరు తిరగక జనం దానికి 'బెంగుళూరు నిమ్ము' అని పేరు పెట్టుకున్నారు, అదేదో బెంగుళూరులోనే అంటుకున్నట్టు. రంగప్ప, నజీర్ బతికి బయటపడ్డారు. అంకమ్మ పోయింది.

ఈ జబ్బు మనిషి నుంచి మనిషికి అంటదు. నిలవ నీళ్లలో పురుగు పెరుగుతుంది, ఆ నీళ్లు సన్నటి తుంపరగా గాలిలో లేస్తే ఊపిరితో పాటు లోపలికి పోతుంది. అంటే ముగ్గురి మీదా ఎక్కడో ఒకచోట నీటి తుంపర పడి ఉండాలి. ఆ చోటు ఏదో తెలియనంత కాలం అది నాలుగో మనిషి కోసం కాచుకుని ఉంటుంది. సుధారాణికి నిద్ర పట్టనివ్వనిది ఇదే. ముగ్గురి ఇళ్లలో తొట్లు, ట్యాంకులు, కుళాయిలు అన్నీ చూసింది. ఏమీ లేదు. ముగ్గురికీ ఒకరి మొహం ఒకరికి తెలియదు. ఊళ్లు వేరు, పనులు వేరు, కులమతాలు వేరు.

జిల్లా ఆఫీసులో ఆమె పై అధికారి డాక్టర్ ప్రవీణ్‌కి ముప్పై రెండేళ్లు. మంచివాడే, కానీ డెంగీ, అతిసారం, పాముకాట్లు అన్నీ అతని నెత్తినే ఉన్నాయి. "మేడమ్, ఎన్ని దినాలు తవ్వుతాం? శుక్రవారానికి ముగించేద్దాం. ముగ్గురికీ సంబంధం లేదని రాసెయ్యండి," అన్నాడు.

రాసేస్తే పోతుందని ఆమెకూ అనిపించింది. అంత అలసటగా ఉంది. ధర్మవరంలో అంకమ్మ భర్త సంతకం ఒక్కటే మిగిలింది. బుధవారం పొద్దున బస్సెక్కింది.

బస్సు ఊరు దాటకముందే ఫోన్ మోగింది. చిన్నమ్మ కూతురు వైష్ణవి.

"ఏమక్కా, యాడుండావు? అమ్మకి ఆపరేషనై పది దినాలాయె. పొద్దు పోక వచ్చేవాళ్ల మొగాలు చూస్తా ఉండాది. నువ్వు మాత్రం రాలేదు."

"పనుండాది వైష్ణవీ. నాయనను పంపినా గదా."

"పెద్దనాయన వచ్చినాడు లే. నువ్వు రావడం, ఆయన రావడం ఒకటేనా?"

ఒకటి కాదని ఆమెకూ తెలుసు. చిన్నమ్మకు పిత్తాశయంలో రాళ్లని హిందూపురంలో కోశారు. ఏ ఆస్పత్రో కూడా సుధారాణి అడగలేదు. ఆ మాట వచ్చిన రోజే అంకమ్మ చనిపోయిందన్న కబురు కూడా వచ్చింది. కిందటి గురువారం పోదామనుకుని, చెప్పులు వేసుకుని, మోకాలు సహకరించక మళ్లీ మంచం మీద కూలబడింది. నాయనతో అన్నది, "నా బదులు నువ్వు పోయిరా నాయనా. లేకుంటే చిన్నమ్మ జన్మంతా దెప్పుతాది."

నాయన ఆర్టీసీలో కండక్టరు చేసి రిటైరైన మనిషి. డెబ్బై ఆరేళ్లు, రోజుకు అర కట్ట బీడీలు. సుధారాణి భర్త పోయినప్పటి నుంచి ఆమె దగ్గరే ఉంటున్నాడు. "ఎండ మండిపోతాండాది గదమ్మా," అని గొణిగి, అయినా తెల్లపంచె కట్టుకుని, వైష్ణవికి ఫోన్ చేసి దారి తనే కనుక్కుని పోయాడు. బస్సుల టైములు ఆయనకు ఇప్పటికీ నోటికి వచ్చు.

ధర్మవరంలో అంకమ్మ భర్త చిన్నస్వామి ఇంట్లో మగ్గం మీద సగం నేసిన చీర అలాగే ఉంది, దాని మీద పాత దుప్పటి కప్పారు. అంకమ్మ ఫోటోకు వేసిన బంతిపూల దండ ఎండిపోయింది. చిన్నస్వామి గడపలో కూర్చుని ఉన్నాడు. సుధారాణిని చూసి లేవబోయాడు. ఆమె వద్దని, ఎదురుగా నేల మీదే కూర్చుంది.

అంకమ్మతో ఆమె ఒక్కసారే మాట్లాడింది, ఫోన్లో. అప్పటికే బెంగుళూరులో ఆక్సిజన్ పెట్టారు. ఆయాసపడుతూనే అన్నిటికీ జవాబు చెప్పింది. 'జబ్బు పడకముందు ఏదైనా ఆస్పత్రిలో వైద్యం పొందారా' అన్నదానికి, "లేదమ్మా, నా కాన్పులు కూడా ఇంట్లోనే అయినాయి," అన్నది. ఆ మాటన్న నాలుగో రోజు పోయింది.

"ఈడ సంతకం పెట్టప్పా," అని సుధారాణి ఫారం అందించింది.

అతను పెన్ను పట్టుకునేసరికి గుమ్మంలోకి ఒకామె వచ్చింది. యాభై దాటిన మనిషి, నుదుట పెద్ద బొట్టు, చేతిలో అరటిపండ్లు. పక్క వీధి మారక్క. వస్తూనే ఫోటో చూసి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. కాసేపు ఏడ్చి, ముక్కు చీది, తనెవరో తెలియని సుధారాణితోనే చెప్పుకోవడం మొదలుపెట్టింది. మన వైపు దుఃఖానికి కొత్త పాత ఉండవు.

"మా ఆయప్ప కాలిరిగి ఆస్పత్రిలో ఉన్నపుడు రెండుమార్లు వచ్చిందమ్మా అంకమ్మ. మొదటిమారు బన్నులు తెచ్చె, రెండోమారు ద్రాక్ష తెచ్చె. ఉబ్బసం మనిషి, ఆ ఎండలో రైలెక్కి వచ్చె. ఇంకెవరొస్తారు అట్ల?"

సుధారాణి ఫారం వెనక్కి తీసుకుంది.

"ఏ ఆస్పత్రికి?"

"హిందూపురం. స్టేషన్ దారిలో ఎముకలకూ, కడుపుకూ అన్నిటికీ చూసే నర్సింగ్‌హోమ్ లేదా, ఆడ. ఇరవై దినాలున్యాం. లారీ ఆడనే గదా బోల్తా పడింది."

"చిన్నస్వామీ, ఆస్పత్రికి పోయిందని నాకెవరూ చెప్పలేదే?"

చిన్నస్వామి బిత్తరపోయాడు. "నువ్వు అడిగింది వైద్యం సంగతి గదమ్మా. అది మందుల కోసం పోలేదు, మనిషిని చూసేకి పోయింది. చూసేకి పోయేది కూడా రాస్తారా?"

రాయరు. డెబ్బై నాలుగు ప్రశ్నల్లో దానికి చోటు లేదు. సుధారాణి పన్నెండు పేజీలూ మళ్లీ తిరగేసింది. ఇరవై ఎనిమిదేళ్లుగా ఈ మనుషుల మధ్యే తిరుగుతోంది. ఒంట్లో బాగాలేనివాణ్ణి చూడకపోతే తరతరాలు మాట్లాడుకోని ఊళ్లు ఇవి. పిల్లను చంకలో పెట్టుకుని ఊరంతా వెతికినట్టయింది ఆమె పని.

"మారక్కా, మీ ఆయన్ని చూసేకి ఎవరెవరు వచ్చినారో గుర్తుండాదా?"

ఎంత మాట! మారక్క ముఖం కడుక్కున్నట్టు తేటపడింది. కాళ్లు బారచాపి, వేళ్లు మడుస్తూ అందుకుంది. తేదీలు రావు గానీ, ఆ రోజు ఏ కూర వండిందో చెప్పి దాన్నిబట్టి రోజు చెప్పింది. ఎవరు ఏం తెచ్చారు, ఎంతసేపు కూర్చున్నారు, ఎవరు కాఫీ వద్దన్నారు, ఎవరు వద్దంటూనే తాగారు. ఆమె చెప్పిన పేర్లు నలభై ఒకటి. పదిహేడో పేరు, "మా చిన్నోడి మామకు అన్న, ఎర్రమంచి రంగప్ప." ఇరవై ఆరో పేరు, "మా ఆయప్ప లారీకి టైర్లు చూసే నజీరన్న."

సుధారాణి పెన్ను కింద పెట్టి, రెండు చేతులతో మొహం రుద్దుకుంది.

"రానోళ్లు కూడా ఉండారు," అన్నది మారక్క కసిగా. "తొమ్మండుగురు. వాళ్ల పేర్లూ రాసుకో."

"వాళ్లు వద్దులే అక్కా. ఆడ యాడ కూర్చునేవాళ్లు వీళ్లంతా?"

"మంచం కాడికి ఒకరొకరినే పంపుతారు. మిగతావాళ్లు వరండాలో. ఆడ పెద్ద ఫ్యాను పెట్టినారు, పెండ్లిండ్లలో నీళ్లు తుంపర కొడతాదే, అట్లాంటిది. చల్లగా ఉంటాదని పెద్దోళ్లనీ, జబ్బు మనుషులనీ దాని ముందర కూసోబెడతాం. అంకమ్మకి ఉబ్బసం గదా, నేనే ముందర కుర్చీ వేసినా. నజీరన్నకు షుగరు. రంగప్ప పెద్దాయన. పడుసోళ్లు గోడకానుకోని నిలబడుకుంటారు. మర్యాద తెలియనోళ్లమా మేము?"

సుధారాణి పెన్ను మళ్లీ అందుకుని రాసింది. ఉబ్బసం, షుగరు, వయసు. ఈ పురుగు ఎవరి కోసం వెతుకుతుందో వాళ్లనే ఏరి, కుర్చీ తుడిచి, దాని ముందు కూర్చోబెట్టారు. ఈ సంగతి మారక్కకు ఇవాళ కాకపోయినా ఒకరోజు తెలుస్తుంది. చెప్పేది తను కాకపోతే బాగుండునని అనుకుంది.

హిందూపురం పోయే రైలు దొరికింది. రైల్లోంచే ప్రవీణ్‌కి ఫోన్ చేసింది.

"నలభై ఒక్క పేర్లు ఆమెకు నోటికొచ్చా మేడమ్?" అతనికి నమ్మకం కుదరలేదు.

"రానివాళ్ల పేర్లు కూడా వచ్చు సార్. పేర్ల జాబితా ఫోటో పంపినాను. మనవాళ్లతో అందరికీ ఫోన్లు చేయించండి, జ్వరం, దగ్గు ఉంటే వెంటనే ఆస్పత్రికి రమ్మనండి. ఆ తుంపర ఫ్యాను ఆ రోజులతో ఆగలేదు, ఇప్పటికీ తిరుగుతానే ఉంటాది. నేను పోయి ఆపిస్తా."

"శుక్రవారం సంగతి మర్చిపోండి మేడమ్," అన్నాడు.

చాలా రోజుల తర్వాత సుధారాణికి ఒంట్లో కాస్త సత్తువ వచ్చినట్టనిపించింది. రైలు పెనుకొండలో ఆగింది. దిగి ఇంటికి పోయి, రెండు ముద్దలు తిని పోదామా అనుకుంది. ఇల్లలకగానే పండగ కాదని మళ్లీ కూర్చుంది. నాయనకు ఫోన్ చేసింది.

"తిన్నావా నాయనా?"

"ఏందోమ్మా, నోరు చేదుగా ఉండాది. పడుకున్యా."

"ఎండకు తిరిగింటావు. మజ్జిగ తాగు."

"సరేలే," అన్నాడు. రైలు కదిలింది.

నర్సింగ్‌హోమ్ వరండా ఆమె ఊహించినట్టే ఉంది. పొడుగ్గా, రేకుల కప్పుతో, నిండా జనం. టిఫిన్ క్యారియర్లు, పండ్ల సంచులు, నిద్రపోతున్న పసిపిల్లలు. చివర మనిషెత్తు ఫ్యాను. దాని అడుగున నీళ్ల తొట్టి. తల అటూ ఇటూ తిప్పుతూ తెల్లటి తుంపర కొడుతోంది. ముందు వరసలో నాలుగు కుర్చీలు, వాటిలో నలుగురు ముసలివాళ్లు. హాయిగా కళ్లు మూసుకుని ఉన్నారు.

సుధారాణి ఎవరినీ అడగలేదు. నేరుగా పోయి ప్లగ్గు పీకేసింది.

"ఏమమ్మా, గాలి ఏంటికి ఆపినావు? ఉడికిపోతాండాం!" అని నలుగురూ ఒకేసారి కళ్లు తెరిచారు.

లోపలి నుంచి మేనేజరు వేణుమాధవ్ పరుగెత్తుకొచ్చాడు. ఆమె కార్డు చూపించి, తొట్టి మూత తీయమంది. లోపల గోడలకు జిగట, పచ్చటి నాచు. వేలు పెడితే జారిపోయేలా ఉంది. ఎప్పుడు కడిగారని అడిగితే అతని మొహం పాలిపోయింది. ఉగాదికి ముందు కొన్నారట. నీళ్లు తగ్గినప్పుడల్లా పైన పోస్తున్నారట.

"పేషెంట్లకు కాదు మేడమ్. వచ్చిపోయేవాళ్లు పాపం ఎండన పడి వస్తారని మా డాక్టరు గారు పెట్టించినారు," అన్నాడు. అతని గొంతులో అబద్ధం లేదు. అందుకే ఆమెకు అతన్ని తిట్టడానికి ఓపిక రాలేదు. సంచిలోంచి సీసా తీసి నీళ్లు పట్టింది. పరీక్ష తేలడానికి పది పన్నెండు రోజులు పడుతుంది. అంతవరకు దీన్ని ముట్టుకోవద్దని కాగితం రాసి సంతకం తీసుకుంది.

సీసాకు మూత బిగిస్తుంటే వెనకనుంచి ఎవరో భుజం పట్టుకున్నారు.

"అక్కా! ఇప్పటికి వచ్చినావా! అమ్మా, అక్క వచ్చిందే!"

వైష్ణవి. చేతిలో ఫ్లాస్కు, మొహం నిండా నవ్వు. సుధారాణికి మొదట ఏమీ అర్థం కాలేదు. తర్వాత అంతా ఒక్కసారే అర్థమైంది. కాళ్ల కింద నేల ఉందా లేదా అని చూసుకున్నట్టు కిందికి చూసింది.

"చిన్నమ్మ ఈడేనా ఉండేది?"

"ఈడగాక యాడ? కుట్లకు చీము పట్టిందని ఇంకా పంపలేదు. పెద్దనాయన చెప్పలేదా? పోయిన గురువారం వచ్చినాడు గదా. అమ్మకి అప్పుడు కట్టు మారుస్తాండిరి, లోపలికి పంపలేదు. పెద్దాయన, నీ బదులు వచ్చినాడని ఇదో, ఈ ముందర కుర్చీలోనే కూసోబెట్టినాం. రెండు గంటలు కదల్లేదు. బలే చల్లగా ఉండాదమ్మా అన్యాడు."

గురువారం. సుధారాణి వేళ్లు మడిచి లెక్క పెట్టింది. ఆరు రోజులు. ఈ పురుగు లోపలికి పోయాక జ్వరం తేలడానికి దాదాపు అన్నే పడతాయి. నోరు చేదుగా ఉండాది, పడుకున్యా.

"అక్కా, ఏమైంది? కూసో," అని వైష్ణవి ఆ కుర్చీనే జరిపింది.

సుధారాణి చిన్నమ్మను చూడకుండానే బయటికి వచ్చింది. ఈ జన్మకు ఆ దెప్పు ఖాయమే, ఇక దాని గురించి ఆలోచించే తీరిక లేదు. ఆటోలో బస్టాండుకు పోతూ ప్రవీణ్‌కి ఫోన్ చేసింది. రెండుసార్లు చెప్పాల్సి వచ్చింది. అతను గబగబా మాట్లాడాడు. పెనుకొండ నుంచి అంబులెన్సు ఇంటికి పంపుతానని, పెద్దాస్పత్రిలో బెడ్డు చెబుతానని, పరీక్ష ఫలితం కోసం ఆగకుండా ఇవాళే మందు మొదలుపెట్టిస్తానని అన్నాడు. "అంకమ్మగారికి జబ్బు పేరు తెలిసేసరికే తొమ్మిది రోజులైపోయింది మేడమ్. మనకు మొదటిరోజే తెలిసింది. అది చాలా తేడా," అన్నాడు. ఆ కుర్రవాడి మీద ఆమెకు మొదటిసారి ప్రేమ పుట్టింది.

ఇంటికి చేరేసరికి సాయంత్రం ఐదున్నర. అంబులెన్సు ఇంకా రాలేదు. నాయన మే నెల ఎండలో నిండా దుప్పటి కప్పుకుని ముడుచుకుని ఉన్నాడు. చెయ్యి వేస్తే కాలిపోతోంది. మజ్జిగ గ్లాసు అలాగే ఉంది.

"చలిగా ఉండాదమ్మా," అన్నాడు.

"ఆస్పత్రికి పోదాం నాయనా. బండి వస్తాండాది."

"జరానికే ఆస్పత్రా? ఊరంతా చూసేకి వస్తారు, వాళ్లకంతా కాఫీలు ఎవరు పోస్తారు?" అని దగ్గాడు. ఆ దగ్గు ఆమెకు తెలుసు. రంగప్ప మంచం పక్కన విన్నది, ఫోన్లో అంకమ్మ దగ్గర విన్నది.

బట్టలు సర్దింది. ఆధార్ కార్డు తీసుకుంది. ఇక చేయడానికేమీ లేక, సంచిలోంచి కొత్త ఫారం తీసి మంచం పట్టె మీద పెట్టుకుంది. నాలుగో మనిషి. పేరు, వయసు, చిరునామా రాసింది. చిరునామా దగ్గర పెన్ను ఆగింది. తర్వాత రాసింది.

"నాయనా, ఏసీ గదిలో పడుకున్యావా?"

"ఆ. ఆర్టీసీ డిపోలో, నీ పెండ్లి ముందర." ఆ జ్వరంలోనూ ఎకసెక్కం.

"ఏదైనా ఆస్పత్రిలో వైద్యం చేయించుకున్యావా?"

"లేదు."

టిక్కు పెట్టింది. పన్నెండో పేజీ అడుగున 'ఇతర వివరాలు' అని రెండు ఖాళీ గీతలున్నాయి. ఇన్నేళ్లలో ఆమె వాటి మీద ఏనాడూ ఏమీ రాయలేదు.

"ఎవరినైనా చూసేకి ఆస్పత్రికి పోయినావా?" జవాబు తెలిసిన ప్రశ్న అడగడం ఇంత కష్టమని ఆమెకు తెలియదు.

నాయన కళ్లు తెరిచి ఆమె వంక వింతగా చూశాడు. "నువ్వు పొమ్మంటేనే గదమ్మా పోయింది. పోబుద్ధి కాలేదు గానీ, నీకు మాట రాకూడదని పోయినా. అయినా బాగా మర్యాద చేసినార్లే. ముందర కుర్చీ ఇచ్చినారు."

సుధారాణి తల ఎత్తలేదు. మొదటి గీత మీద రాసింది: 'రోగిని పరామర్శించడానికి వెళ్లారు. కూతురి బదులు.' చదువుకుంది. కొట్టేయాలనిపించింది. కొట్టేయలేదు. కింద 'వివరాలు సేకరించిన వారు' అన్నచోట తన పేరు రాసి సంతకం పెట్టింది.

వీధి చివర అంబులెన్సు కూత వినిపించింది. ఆమె పెన్ను మూసి, నాయనను లేపి కూర్చోబెట్టి, కాళ్లకు చెప్పులు తొడిగింది.